ప్రార్థనలో వదిలేసిన పేరు

అమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక ఇంట్లోనే పెట్టుకున్నాం.

నీ మతిమరుపు మొదట బయటపడింది కుటుంబ ప్రార్థనలోనే. ఇంటిల్లిపాది పేర్లూ వరసగా చెప్పి ప్రార్థించే నువ్వు ఒకరోజు నాయన పేరు వదిలేశావు. ఇప్పుడు పెద్దదాన్ని కాబట్టి ఆ పేర్లు నేను చెబుతున్నాను.

తల్లికి అల్జీమర్స్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఎక్కువట. జన్యువు ఉన్నా వచ్చి తీరుతుందని లేదట. డాక్టరు ఆ మాట చెప్పినప్పటి నుంచి తమ్ముడు నన్నే కనిపెడుతున్నాడు. ఈ రోజు ప్రార్థన మధ్యలో కళ్ళు కొంచెం తెరిచి చూశాను. నేను చెప్పే పేర్లను వాడు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. నాకూ వాడి మీద అనుమానం పుట్టింది. కావాలనే వాడి కూతురి పేరు వదిలేసి ఆమేన్ అన్నాను. ప్రభువు క్షమించాలి.

"ఏంరా, లెక్క సరిపోయిందా?" అన్నాను.

వాడు సిగ్గుపడి నవ్వాడు. "అందర్నీ చెప్పినావులే అక్కా. నీకేం కాలేదు. అయినా ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఏంది?"

పక్కన కూర్చున్న వాడి కూతురు తల ఎత్తి నన్నే చూసింది.

"సరే, రేపే పోదాం. నువ్వూ తోడు రా" అన్నాను.

పరీక్ష నాకే అనుకుంటున్నాడు అమ్మా.

నీ పెద్ద కూతురు