హరిశ్చంద్రపురంలో దిగిపోవడం

మంగళవారం

ఇవాళ కాశీబుగ్గ నుంచి వస్తుంటే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు. ఒకమ్మాయి కిటికీలోంచి చూస్తూ ఎంత పిలిచినా పలకదు. రెండోది మోచేత్తో పొడిచి, "ఏటే, హరిచంద్రపురంలో దిగిపోనావేటి?" అంది.

అది మా ఇంట్లో పుట్టిన మాట! నన్ను చూసుకోడానికి రైల్లో వస్తూ, ఏ ఆలోచనలో ఉన్నాడో, మా ఆయన మా ఊరు నౌపడ అనుకుని హరిశ్చంద్రపురంలో దిగిపోయాడు. నేనేమో పట్టుచీర కట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను. పెళ్లయ్యాక, ఆయన కాస్త పరధ్యానంగా కనిపిస్తే చాలు, మా తమ్ముడు ఆ మాటతో ఏడిపించేవాడు.

"ఎక్కడిదమ్మా ఆ మాట?" అని అడిగాను.

"ఏమో ఆంటీ, రీల్స్‌లో వచ్చుంటాది."

కోపమొచ్చింది. మా ఆయనదే అని చెప్పబోయి ఆగాను. ఆయన పోయాక ఇంట్లో ఆ మాట ఎవరూ అనడం లేదు. ఆ పిల్ల ఇంకోసారి అంటుందేమోనని నా స్టాపు వచ్చేదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అనలేదు.

ఆ రోజు ఆలస్యమైతే అయింది, తర్వాత బండికైనా వచ్చాడు.