గాలికొండ మలుపులో వెలుగు బోర్డు

గాలికొండ మలుపు,
నవంబరు 3.

కట్టడాలకు అనుమతులిచ్చే ఆఫీసరు లక్ష్మీప్రసాద్ గారి సముఖానికి, అప్పన్న మెస్ యజమాని అప్పన్న నమస్కరించి చేసుకునే మనవి.

అయ్యా, అనంతగిరి నుంచి అరకు వెళ్ళే రోడ్డులో, గాలికొండ దిగాక వచ్చే పెద్ద మలుపులో మాది భోజన హోటలు. పొద్దున ఇడ్లీ, వడ. మధ్యాహ్నం భోజనం. ముందుగా చెబితే బొంగులో చికెన్. మా సొంతూరు సాలూరు. ఏజెన్సీలో మాబోటి వాళ్ళు స్థలాలు కొనడానికి లేదు కాబట్టి, ఇక్కడి గిరిజనుడు గాసి ఇంటి ముందుభాగం అద్దెకు తీసుకుని నడుపుకుంటున్నాం.

మా కష్టమల్లా మంచుతోనే. చలికాలం వచ్చిందంటే యాత్రికులూ వస్తారు, మంచూ వస్తుంది. రెండూ ఒకేసారి రావడం భగవంతుడు చేసిన పని, ఎవరినీ అనలేం. కార్లలో పోయేవాళ్ళకి మా హోటలు కనపడదు. పెయింటు బోర్డు కడితే ఏడాది తిరక్కుండా పాచి పట్టింది. కిందటి చలికాలం వండిన అన్నంలో సగం గాసి పందులే తిన్నాయి. ఈ ఏడూ అంతే అయితే హోటలు మూసేసి, సాలూరు పోయి మా బావమరిది బట్టల కొట్లో మీటరుకర్ర పట్టుకోవాలి. మనిషి మంచివాడే గానీ, రోజూ ఒకసారి "బావా, నీకు యాపారం అచ్చిరాదు" అంటాడు. ఆ మాట వినడం కంటే ఈ చలి నయం.

అందుకని లోపల లైట్లుండే పెద్ద బోర్డు విశాఖపట్నంలో చేయించి తెచ్చాను. ఎర్ర అక్షరాలతో "అప్పన్న మెస్" అని ఉంటుంది. రేకుల మీదికి ఎక్కించబోతుంటే, వెలిగే బోర్డుకి తమరి అనుమతి లేకపోతే జరిమానా పడుతుందని పంచాయతీలో చెప్పారు. ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు గానీ మా మలుపులో సిగ్నలు దొరకదు. ఉత్తరమే దిక్కు. తమరు దయతలచి తొందరగా అనుమతి ఇప్పించగలరు.

ఇట్లు,
విధేయుడు అప్పన్న.

తా.క.: బోర్డు ఊరికే పడి ఉందని విచారించకండి. వంటింట్లో గోడకి చేరవేసి వెలిగిస్తున్నాం. మా ఆవిడ దాని ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది. ఇల్లంతా ఎర్రగా ఉండేసరికి కూరలో కారం పడిందో లేదో తెలియడం లేదట.


కొండ ప్రాంత కట్టడాల అనుమతుల కార్యాలయం,
నవంబరు 10.

శ్రీ అప్పన్న గారికి,

మీ దరఖాస్తు అందినది. పరిశీలించడమైనది. అసంపూర్తిగా ఉన్నది.

కట్టడంపై వెలిగే బోర్డు అమర్చుటకు ఆ కట్టడం యజమాని సమ్మతి, బోర్డు ఎక్కడ వచ్చునో చూపే పటం జతపరచవలెను. అంతేగాక సదరు వెలుతురు వలన ఇరుగుపొరుగు ప్రాణులకు ఎట్టి అంతరాయమూ లేదని రాతపూర్వకంగా తెలుపవలెను. తదుపరి నేను స్వయంగా తనిఖీకి వచ్చెదను. ఏ రోజు వచ్చేదీ ముందుగా చెప్పుట నిబంధనలకు విరుద్ధము.

ఇట్లు,
లక్ష్మీప్రసాద్, అనుమతుల అధికారి.

తా.క.: ప్రభుత్వ కార్యాలయానికి పంపే కాగితములపై నూనె మరకలు ఉండరాదు. మీ దరఖాస్తు విప్పినప్పటి నుంచి ఆఫీసంతా వడల వాసన. సిబ్బంది పదకొండింటికే క్యారేజీలు తెరుస్తున్నారు.


గాలికొండ మలుపు,
నవంబరు 15.

మహారాజశ్రీ లక్ష్మీప్రసాద్ గారికి, అప్పన్న చేతులు కడుక్కుని మరీ రాస్తున్న ఉత్తరం.

గాసి సమ్మతి ఇచ్చాడు, కాగితం జతచేశాను. పటం నేనే గీశాను. ఇంటి పక్కన నాలుగు కాళ్ళతో ఉన్నది మంచం కాదు, గాసి మేక. నేను గీస్తున్నంతసేపూ కదలకుండా నిలబడింది కదా, దాన్ని వదిలేయడం ధర్మం కాదనిపించింది.

ఇక ప్రాణుల సంగతి. అబద్ధం రాయడం ఇష్టం లేక చెబుతున్నాను. మొన్న సాయంత్రం వెలుతురు ఎంతదూరం పోతుందో చూద్దామని బోర్డు వరండాలోకి తెచ్చి వెలిగించి, నేను నులకమంచం మీద ఓ కునుకు తీశాను. పక్కింటి సోంబరు కోడిపుంజు ఆ ఎరుపు చూసి తెల్లారిందనుకుని కూసింది. దాన్ని చూసి పై ఊరి కోళ్ళు, వాటిని చూసి అవతలి కొండ కోళ్ళు. నేను ఉలిక్కిపడి లేచి, పొద్దెక్కిపోయిందనుకుని, పొయ్యి వెలిగించి ఇడ్లీలు వేసేశాను. తీరా చూస్తే చీకటి పడుతోంది. ఆ ఇడ్లీలన్నీ సోంబరు కుటుంబమే తిని పెట్టింది. "నాకేటి అబ్బెంతరం లేదు, బోర్డు రోజూ ఎలిగించు" అన్నాడు సోంబరు. కోడి మాట మాత్రం నేను చెప్పలేను.

ఇట్లు,
తమ అనుమతికి ఎదురుచూసే అప్పన్న.

తా.క.: మా ఆవిడ ఇడ్లీలు వేయొద్దని ముందే చెప్పింది. "కోడి మాట ఇంటావు గానీ నా మాట ఇనవు" అని ఇప్పటికీ అంటోంది.


కొండ ప్రాంత కట్టడాల అనుమతుల కార్యాలయం,
నవంబరు 25.

శ్రీ అప్పన్న గారికి,

మేకను పటం నుంచి తొలగించి, కోడిని అభ్యంతరదారుగా నమోదు చేయడమైనది. అయితే విషయం అంతకంటె తీవ్రమైనది.

శుక్రవారం నేనూ మా డ్రైవరు స్వామీ తనిఖీకి వచ్చాము. మంచులో ఆ రోడ్డు మీద పైకీ కిందికీ తిరిగాము. అప్పన్న మెస్ అనే కట్టడం కనపడలేదు. ఆకలికి ఆగలేక, రోడ్డు పక్కన పేరూ ఊరూ లేని ఒక హోటల్లో కూర్చున్నాము. ఇది ఎవరి హోటలని వడ్డించే ఆవిడను అడిగాను. "మా ఇంటాయనది బాబూ" అన్నది. ఆయన పేరేమిటని అడిగితే ముఖం పక్కకు తిప్పుకుని, "సింహాచలం కొండ మీద సామి లేడా, ఆ సామి పేరే" అన్నది. నేను అనంతపురం వాణ్ణి అయినా, సింహాచలంలో ఉన్నది నరసింహస్వామి అని నాకు తెలుసు. హోటలు నరసింహం గారిదని రాసుకున్నాను.

తరువాత "ఇక్కడ అప్పన్న అని ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఆ పేరు వినగానే ఆవిడ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాంబారు అడిగితే లోపలి నుంచే లేదని చెప్పింది. మీకూ నరసింహం గారి కుటుంబానికీ పాత తగాదాలున్నట్టు దీన్నిబట్టి తెలియుచున్నది. లేని మెస్‌కు బోర్డు పెట్టి, నోట్లో నాలుక లేని ఆ నరసింహం గారి వ్యాపారం దెబ్బతీయాలనే ఉద్దేశంతో మీరు దరఖాస్తు చేసినట్టు భావించి, దాన్ని తిరస్కరించడమైనది.

ఇట్లు,
లక్ష్మీప్రసాద్, అనుమతుల అధికారి.

తా.క.: ఆ నరసింహం హోటల్లో వడలు అమోఘం. వాటి వాసన ముందెక్కడో తగిలినట్టే ఉంది గానీ గుర్తు రావడం లేదు. వంటింట్లోంచి ఎర్రటి వెలుతురు ఎందుకు వస్తున్నదో కూడా అర్థం కాలేదు. వచ్చే నెల మా పై అధికారి గోపాలకృష్ణ గారు వస్తారు, వారిని అక్కడికే తీసుకువెళ్ళాలి. మీకు తెలిస్తే దారి తెలుపగలరు.


గాలికొండ మలుపు,
నవంబరు 29.

అయ్యా లక్ష్మీప్రసాద్ గారూ, అప్పన్న నెత్తిన చేతులు పెట్టుకుని చేస్తున్న విన్నపం.

మీరు తిన్నది మా హోటలే! వడ్డించింది మా ఆవిడే! నేను ఆ రోజు అరకు సంతకి కూరలకి వెళ్ళాను. సింహాచలం స్వామిని మా ఉత్తరాంధ్రలో అందరూ అప్పన్న అనే అంటారు బాబూ, సింహాద్రి అప్పన్న. ఆ స్వామి పేరే నాకు పెట్టారు. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా ఆవిడకి వాళ్ళ అమ్మ చెప్పింది. పెళ్ళై ముప్పై ఏళ్ళు దాటింది, ఒక్కసారి కూడా పలకలేదు. రేషను కార్డు రాయడానికి వచ్చిన గుంటడికీ కొండే చూపించింది. వాడూ మీలాగే పైప్రాంతం నుంచి వచ్చినవాడే. రెండేళ్ళపాటు నేను నరసింహం పేరు మీద బియ్యం తెచ్చుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మొదటి ఉత్తరంలో మంచు అని రాశాను. మంచు సగమే. మిగతా సగం ఇదీ. అన్నం తిన్నవాళ్ళు చేతులు కడుక్కుంటూ "అమ్మా, మీ హోటలు పేరేంటి? మావాళ్ళకి చెబుతాం" అంటారు. ఆవిడ కొండ వైపు చూపిస్తుంది. వాళ్ళు తలలూపి వెళ్ళిపోతారు. ఒకాయన ఫోన్లో మెచ్చుకుంటూ రాశాడట, "పేరు లేని హోటలు, భోజనం అద్భుతం, పేరడిగితే అమ్మగారు కొండ చూపిస్తారు" అని. ఆ ముక్క చదివి మా దగ్గరికి ఎవరు రాగలరు? కొండెక్కి వెతుక్కుంటున్నారేమో కూడా. బోర్డు వెలిగితే ఎవరూ ఆవిణ్ణి అడగక్కర్లేదు. అదీ నా ఆశ. తిరస్కారం వెనక్కి తీసుకోండి బాబూ. డిసెంబరు వచ్చేస్తోంది, మా బావమరిది అప్పుడే రెండుసార్లు కబురు పెట్టాడు.

ఇట్లు,
నరసింహం కాని అప్పన్న.

తా.క.: గోపాలకృష్ణ గారికి దారి: గాలికొండ దిగండి, వడల వాసన వచ్చిన చోట ఆగండి.


కొండ ప్రాంత కట్టడాల అనుమతుల కార్యాలయం,
డిసెంబరు 5.

అప్పన్న గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆఫీసులో అందరూ నవ్వారు. నేను ఇంటికి వెళ్ళాక నవ్వాను.

అయితే హోటలు నరసింహం గారిదని ఫైలుకెక్కింది. ఫైలుకెక్కిన మనిషిని దించడం ఏనుగును అటక మీద నుంచి దించడంతో సమానం. ఆ మాట చెప్పినవారే కాదని చెప్పాలి. కాబట్టి మీ ఆవిడ గారు "ఈ మెస్ అప్పన్న అను నా భర్తది" అని సొంత చేతులతో రాసి పంపాలి. ఈ నెలాఖరులోగా గోపాలకృష్ణ గారితో మళ్ళీ తనిఖీకి వస్తాను. అప్పటికి ఆ కాగితం లేకపోతే మరి ఈ చలికాలానికి అనుమతి లేనట్టే.

ఇంకొకటి. మీరు ఇన్ని ఉత్తరాలు రాశారు, ఒక్కదానిలోనూ ఆవిడ పేరు లేదు. అన్నిచోట్లా "మా ఆవిడ" అనే ఉంది. మా ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

ఉంటాను,
లక్ష్మీప్రసాద్.

తా.క.: మా అనంతపురంలో ఇంత పట్టింపు లేదు. మా ఇంట్లో నా పేరు శుభ్రంగా పలుకుతారు. కోపం వచ్చినప్పుడు మరీ స్పష్టంగా పలుకుతారు.


గాలికొండ మలుపు,
డిసెంబరు 12.

లక్ష్మీప్రసాద్ బాబుకి రాజులమ్మ దండాలు.

నాకు రాతలో భాష రాదు బాబూ, మాటాడినట్టే రాస్తన్నాను. మా ఇంటాయన పేరు రాసి పంపమన్నారట. కాగితం ముందరేసుకుని కూకున్నాను. మొదటచ్చరం రాసినాను. అక్కడే సెయ్యి ఆగిపోనాది. తప్పని కాదు. పెళ్ళయిన కాణ్ణించీ ఆ పేరు లోపలే దాసుకున్నాను. ఇప్పుడు కాగితం మీదెట్టి ఆఫీసుకి పంపితే నా దగ్గరేటి మిగుల్తాది?

ఆయన పక్కన నిలబడి "బేగి రాయే, సీజను ఎలిపోతంది" అని ఒకటే గోల. నాకు వొళ్ళు మండిపోనాది. అడిగేసినాను. "పప్పు నానేసేది నాను. రుబ్బేది నాను. ఒండేది, వడ్డించేది నాను. అడిగినోల్లకి పేరు సెప్పనేక సిగ్గుతో సచ్చేదీ నానే. మరి బోర్డు మీద నీ పేరెందుకు? నా పేరెట్టు. నా పేరు నాను సెప్పుకోడానికి నాకేటి సిగ్గు?" అన్నాను. ఆయన మర్నాడు పొద్దున్నే బోర్డు బుజానికెత్తుకుని విశాఖపట్నం బస్సెక్కినాడు.

ఇప్పుడు దాని మీద "రాజులమ్మ మెస్" అని ఉన్నాది. గోనెపట్టా సుట్టి వరండాలో ఎట్టినాం, ఎలిగించలేదు. కాబట్టి బాబూ, మీ ఫైల్లో ఉన్న నరసింహం గారినీ మా ఇంటాయననీ ఇద్దర్నీ కొట్టేసి నా పేరు రాసుకోండి. ఆ కాళీ గడి కూడా నిండిపోద్ది.

దండాలతో,
రాజులమ్మ.

తా.క.: ఆవేళ సాంబారు నేదన్నాను. ఉంది. సంతకెల్లినాయన కోసం దాసినాను. తప్పు కాయండి.


కొండ ప్రాంత కట్టడాల అనుమతుల కార్యాలయం,
డిసెంబరు 22.

శ్రీమతి రాజులమ్మ గారికి నమస్కారాలు.

మొన్న శుక్రవారం మేము వచ్చింది మీరు బస్సు దిగినప్పుడు చూశారు. అంతకుముందు జరిగింది మీకు తెలియదు, అప్పన్న గారు చెప్పి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మంచు ఎప్పటిలాగే ఉంది. ఈసారి వాసన పట్టుకుని వచ్చాం. మీరు సంతకి వెళ్ళారు, అప్పన్న గారు ఒక్కరే ఉన్నారు. గోపాలకృష్ణ గారు వడలు తిని, చేతులు కడుక్కుని, "ఎవరిదయ్యా ఈ మెస్?" అని అడిగారు. "మా ఇంటిదాన్ది బాబూ" అన్నారాయన. "పేరు?" అని అడిగారు సార్. అంతే. అప్పన్న గారు తువ్వాలు తీసి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. సార్ మళ్ళీ అడిగారు. ఆయన గోనెపట్టా వైపు చెయ్యి చూపించి, "అందులో ఉంది బాబూ, సదూకోండి" అన్నారు. "పలకవయ్యా" అంటే, "ఇన్నేళ్ళలో ఎప్పుడూ పలకలేదు, నోరు తిరగట్లేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. సాంబారు లేదని కూడా లోపలి నుంచే చెప్పారు.

గోపాలకృష్ణ గారు అంతలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. భోజనం బల్ల మీదే అనుమతి కాగితం తెప్పించుకుని సంతకం పెట్టారు. కారణం రాసే చోట వారు రాసింది ఇది: "ఈ హోటల్లో పేరు అడిగి తెలుసుకొనుట అసాధ్యము. బోర్డు అత్యవసరము."

మా డ్రైవరు స్వామీ, అప్పన్న గారూ కలిసి బోర్డును రేకుల మీదికి ఎక్కించారు. గాసి నిచ్చెన పట్టుకున్నాడు. వెలిగించగానే సోంబరు కోడి గంప కిందనుంచే కూసింది, ఆ అభ్యంతరం కొట్టివేయడమైనది. అప్పుడే మీ బస్సు వచ్చింది. కూరల సంచీ కిందపెట్టి మీరు ఆ మంచులో నిలబడి మీ పేరును ఒక్కో అక్షరంగా చదువుకోవడం చూశాను. ఈలోగా రెండు కార్లు ఆగాయి, మీరు పరుగెత్తి లోపలికి వెళ్ళారు. చెబుదామనుకున్నది అప్పుడు చెప్పలేకపోయాను, అది ఇదే: ఇక మీరు సాలూరు వెళ్ళనక్కర్లేదు.

అనుమతి పత్రం జతచేశాను. నూనె మరక మాదే.

ఉంటాను,
లక్ష్మీప్రసాద్.

తా.క.: మా ఇంటి గేటుకి ఇన్నాళ్ళూ నా ఒక్కడి పేరే ఉండేది. నిన్న దాని పక్కన మా ఆవిడ పేరు కూడా రాయించాను. ఏమని రాయించారని మీరు అడుగుతారేమో. ఎప్పుడైనా ఇటు వస్తే గేటు మీద ఉంది, చదువుకోండి.