పక్క గెలాక్సీ వెలుగు

సరస్వతక్కకు తమ్ముడు యదునందన్ నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"వినపడనిదాన్నని వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి తప్పించుకుంటాండావ్. ఉత్తరం రాయప్పా" అని కోప్పడ్డావు కదా, అందుకే రాస్తున్నాను. బావ మోకాలికి ఆ ఆకుల కట్టు మానిపించి డాక్టరుకు చూపించు.

"మీ గెలాక్సీ పేరు పేపర్లో ఎప్పుడు పడతాది? పక్కింటి మాబున్నీ దినామూ అడుగుతాండాది" అని రాశావు. పడదక్కా.

రేడియో గెలాక్సీ అంటే నడిమధ్య నుంచి రెండు వైపులకూ ధారలు చిమ్మేదని నీకు బొమ్మ గీసి చూపించాను. అలాంటి ఒక గెలాక్సీ నుంచి గామా కిరణాలు కూడా వస్తున్నాయేమో చూడటమే నా పరిశోధన. వాటిని మన గాలి నేలదాకా రానివ్వదు. అందుకే అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పట్టినవాటిలో ఏళ్ల తరబడి వెతికాను. దొరికాయనుకున్నాం. మా గైడుగారు మిఠాయిలు తెప్పించారు. వ్యాసం పంపాం.

ఆ టెలిస్కోపుకు గామా కిరణాలు చుక్కలా కాదు, మసక మరకలా కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన సమాచారం కలిపి చూస్తే మరక పక్కకు జరిగింది. అక్కడ ఇంకో గెలాక్సీ ఉంది. ధార మన వైపే తిరిగి ఉండే రకం. వెలుగంతా దానిదే. దాని వాటా తీసేస్తే నా గెలాక్సీ దగ్గర ఏమీ మిగల్లేదు. ఎవరూ అడగలేదు, నేనే వెళ్లి చెప్పాను. వ్యాసం వెనక్కి తీసుకున్నాం.

"మంచి పనే చేసినావ్. కానీ ఏమీ దొరకలేదనేవానికి ఫెలోషిప్ గడువు ఇంకా పెంచమని యాడ అడిగేదప్పా?" అన్నారు గైడు. ఆయనది మన కడపే. ఆయన తప్పేమీ లేదు.

కవరు మీద నంద్యాల ముద్ర చూసే ఉంటావు. అవునక్కా, నేను బెంగళూరులో లేను. వానాకాలం నుంచీ నంద్యాలలోనే ఉంటూ ఇంటర్ పిల్లలకు కోచింగ్ సెంటరులో ఫిజిక్స్ చెబుతున్నాను. వేరేచోట్లకు పెట్టుకున్న దరఖాస్తులకు జవాబు లేదు. ఇక రాదు.

మొన్న ఆళ్లగడ్డ వచ్చాను. నీ కుట్టు కొట్టుకు ఎదురుగా, రోడ్డు అవతల నిలబడ్డాను. బట్టలివ్వడానికి వచ్చినామెకు నువ్వు ఆకాశం చూపించి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నావు. నా గురించే చెబుతున్నావని తెలిసింది. "అక్కా" అని గట్టిగా పిలిచాను. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు, నువ్వు తప్ప. చాగలమర్రి నుంచి వచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చేశాను.

నన్ను వెతుక్కుంటూ రావద్దు. అడిగినవాళ్లకు ఏం చెబుతావో నాకు తెలియదు.

ఇట్లు,
నీ వెనక పుట్టినవాడు,
యదునందన్