ఉలి లేచిన చోట

నారాయణఖేడ్, కార్తీకం, గురువారం రాత్రి

అన్న పోయాక ఇవాళే మళ్లీ ఖరాదు మీద చెక్క ఎక్కించాను. టేకు ముక్కలు, వేప ముక్కలు కలిపి జిగురుతో అతికించిన గిన్నె. నేను ఉలి పట్టుకుంటే, తాడు లాగి చెక్కను తిప్పేది ముప్పై ఏళ్లుగా అన్నే. ఇవాళ ఆ చోట వదిన కూర్చుంది.

"ఏంది మరిది, దిక్కులు చూస్తున్నవ్? పట్టు ఉలి. నేను గుంజుత."

అన్నకంటే బాగా లాగింది. అన్నకు లాగినప్పుడల్లా నడుమ ఒకసారి భుజం పట్టేసి తాడు ఆగేది. అక్కడ గీత పడకుండా నేను ఉలి ఎత్తేవాణ్ణి. ఇవాళ ఆ ఆగడం లేదు, అయినా చెయ్యి దానంతటదే లేచింది. గిన్నె చుట్టూ గీతలు పడ్డాయి.

వదిన వేలితో తడిమింది. "నాతోని కాదు మరిది. మంచి గిన్నె ఖరాబు చేసిన. ఇగ రాను."

"తప్పు నాది."

"నీ చెయ్యి ఎన్నడన్న తప్పిందా? ఊకో."

కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. భుజం సంగతి చెబితే అన్నకు తాడు లాగడం రాదన్నట్టవుతుంది. ఆయన ఉన్నప్పుడు ఆయనకే చెప్పలేదు.

రుద్దితే గీతలు పోతాయి. అవి అన్న ఆగే చోట్లు, రుద్దబుద్ధి కాలేదు. అలాగే నూనె పట్టించి పెట్టాను. వదిన చూస్తే, తన తప్పు పదిమందికీ కనబడాలని ఉంచానని అనుకుంటుందేమో...