ఏ తీగలో రాయలేదు నువ్వు

వదినకి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, మా పెట్టె కూడా క్షేమం. అక్కడ మీరూ, అన్నయ్యా, మీ మందుమొక్కలూ కులాసా అనుకుంటున్నాను.

మొన్న ఫోన్లో మనం మాట్లాడుకున్నదాన్ని మాట్లాడుకోవడం అనరని అన్నయ్య అంటున్నాడు. నేను వాడిన ఇంగ్లీషు మాటలకి మీరు ఫోను పెట్టేశారు. పెట్టేశారని నేను మళ్ళీ చేశాను. ఈసారి అన్నయ్య ఎత్తి, "పని సంగతులు ఇక మీదట ఉత్తరాల్లో రాసుకోండి. కాగితానికి గొంతు లేదు" అన్నాడు. సరే. తెలుగు మాట ఉన్నచోట ఇంగ్లీషు మాట దొర్లకూడదన్న మీ షరతు ప్రకారమే రాయడానికి చూస్తాను. అర్థం కాకపోతే ఆ పాపం షరతుదే.

దీంతో పాటు పంపిన పెట్టె మా ల్యాబ్‌లో నేను చేసింది. అరచేతిలో ఇమిడిపోయే కంప్యూటరు అనుకోండి. పక్కనున్న రెండు క్లిప్పుల మధ్య ఆకు పెట్టి గుండీ నొక్కితే, ఆకులోకి చీమ కుట్టినంత కూడా ఉండని కరెంటు పంపి, అది ఏ మొక్కో తెర మీద చూపిస్తుంది. దీని గొప్పంతా లోపలి చిప్పులో ఉంది. అది ఎప్పుడూ ఒకే రూపంలో ఉండదు. ఎదురుగా ఉన్న మొక్కని బట్టి తన అల్లిక తానే విప్పుకుని, తానే మళ్ళీ అల్లుకుంటుంది. పుదీనాకి ఒక అల్లిక, కలబందకి ఇంకొకటి.

నెలాఖరుకి మా డైరెక్టరుగారూ, మీ డైరెక్టరమ్మగారూ మీరు పనిచేసే మందుమొక్కల వనంలోనే నిలబడి దీన్ని పరీక్షిస్తారు. నెగ్గితే రెండు సంస్థలకీ కలిపి ఒక ప్రాజెక్టు ఇస్తారు. నెగ్గకపోతే నా పెట్టె బీరువాలోకి పోతుంది, మీ తూర్పు మడులు కార్లు నిలుపుకునే చోటైపోతాయి. మునిగినా తేలినా మనిద్దరం కలిసే, వదినా.

ఇట్లు,
మీ ఆడపడుచు పిచ్చుక

తా.క.: తీగలు మరీ పొడుగ్గా ఉన్నాయి. నడిచేవాళ్ళకి అడ్డం అనిపిస్తే మొహమాటం లేకుండా కత్తిరించెయ్యండి. మళ్ళీ వేసుకోవచ్చు.

*

చిరంజీవి పిచ్చుకకి,

ఆశీస్సులు. మేమిద్దరం క్షేమం. మొక్కల క్షేమం గురించి చివర్లో రాస్తాను. ముందే మొదలుపెడితే కలం విరిగేలా ఉంది.

నీ పెట్టె అందింది. పుదీనా ఆకు పెట్టాను, కలబంద అంది. వస ఆకు పెట్టాను, కలబంద అంది. చామంతి రెక్క పెట్టినా అదే మాట. చివరికి మీ అన్నయ్య బొటనవేలు పెట్టి చూశాం. కలబంద అంది. చల్లగా ఉండి చేతికి చిక్కకుండా జారిపోయే ఆయన తత్వం చూస్తే, ఆ ఒక్కటి మాత్రం కరెక్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. వనం గేటు దగ్గర పందిరికి పాకించిన పొడపత్రి నీకు తెలుసు. దాని ఆకు నమిలితే కాసేపటి దాకా చక్కెర కూడా నోట్లో ఇసుకలా ఉంటుంది. తీపి మీద యావ తగ్గించే మందుగా దాని మీదే నా పరిశోధనంతా. నిన్న నేను మీటింగులో ఉండగా మీ అన్నయ్య వచ్చారు. బడికి సెలవులు కదా, లెక్కల మాస్టారికి ఏమీ తోచలేదు. నీ ఉత్తరం చదివారు. పెద్ద కత్తెర తీసుకున్నారు. నేను బయటికి వచ్చేసరికి పందిరి బోడిగుండులా ఉంది, ఆయన నిచ్చెన మీద ఉన్నారు, తీగంతా నేల మీద ఉంది.

ఇదేమిటని అడిగితే, నడిచేవాళ్ళకి అడ్డమని నువ్వే కత్తిరించమన్నావని చెప్పారు. పందిరి మీది తీగ నడిచేవాళ్ళకి అడ్డం ఎలా అవుతుందని అడిగాను. పొడుగువాళ్ళు కూడా వస్తారు కదా అన్నారు.

నా తీగలు పొడుగ్గా ఉన్నాయని ఎవరు చెప్పారమ్మా నీకు? అక్కడ కూర్చుని నా పందిరి కొలిచావా?

ఇట్లు,
మీ వదిన

తా.క.: డైరెక్టర్లకి చూపించాలనుకున్న మొక్క అదే. ఇప్పుడు రెండు మోళ్ళు చూపిస్తాను. నీ పెట్టె వాటిని కూడా కలబంద అంటుంది.

*

వదినకి,

నమస్కారాలు. క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను చెప్పింది కరెంటు తీగలు. పెట్టెకి ఛార్జింగు పెట్టే తీగలు. నల్లగా, పాముల్లా, పెట్టె అడుగున చుట్టి పెట్టాను కదా, అవి. వైరు అని ఒక్క ముక్క రాసి ఉంటే మీ పందిరి పచ్చగా ఉండేది. షరతు గుర్తొచ్చి ఆగిపోయాను. అన్నయ్య ఇంత చెప్పినమాట వినేవాడని నాకు ఇన్నేళ్ళూ తెలీదు. చిన్నప్పుడు మంచినీళ్ళు తెచ్చిపెట్టమంటే వినేవాడు కాదు.

మీ పొడపత్రి మళ్ళీ చిగురించాలని కోరుకుంటున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నా చదువులో లేదు.

పెట్టె అన్నిటినీ కలబంద అనడానికి కారణం మాత్రం పట్టుకున్నాను. లోపల పురుగు ఉంది. అది ఇక్కడి నుంచే వచ్చింది. మీ దగ్గర దాచడమెందుకు, మా ల్యాబ్‌లో ఇవి చాలా ఉన్నాయి, మాకు అలవాటైపోయింది. ఒకదాన్ని చంపితే రెండు పుడతాయి. కొన్ని ఎక్కడున్నాయో కూడా తెలీదు, రాత్రికి రాత్రి బయటపడతాయి. మీరేం కంగారుపడకండి. పెట్టె వెనక్కి పంపెయ్యండి, నేను చూసుకుంటాను.

ఇట్లు,
తలవంచుకుని ఉన్న పిచ్చుక

తా.క.: ఈ పురుగుల మాట మా డైరెక్టరుగారి దాకా వెళ్ళనివ్వకండి. ఆయన లెక్కలో మా ల్యాబ్‌లో ఒక్కటి కూడా లేదు.

*

పిచ్చుకకి,

ఆశీస్సులు తర్వాత.

పురుగు ఉన్న వస్తువుని పోస్టులో వనానికి పంపుతావా? పంపి, కంగారుపడొద్దంటావా? ఒక్క పురుగు లోపలికి వస్తే మడులకి మడులు ఊడ్చుకుపోవడం నేను కళ్ళారా చూశాను. చదువుకున్నదానివి, మొక్కల దగ్గరికి కాళ్ళు కడుక్కుని రావాలని కూడా తెలీదా?

వెనక్కి పంపే ప్రశ్నే లేదు. పురుగు పట్టింది గేటు దాటకూడదు, అది మా రూలు. నీ పెట్టెని గాజు సీసాలో పెట్టి మూత బిగించాను. అది ముట్టుకున్న మొక్కలన్నిటినీ విడిగా పెట్టించాను. మీ అన్నయ్య బొటనవేలు సబ్బునీళ్ళతో కడిగించాను. పొద్దునా సాయంత్రం భూతద్దం పెట్టి చూస్తున్నాను. పురుగు బయటికి రావడం లేదు. మంచి తెలివైన జాతిలా ఉంది.

ఒకదాన్ని చంపితే రెండు పుడతాయని రాశావు. అలాంటి జాతి గురించి నేను ఎక్కడా చదవలేదు. అది రెక్కలదా, పాకేదా, వెంటనే రాయి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మీ డైరెక్టరుకి చెప్పొద్దన్నావు. నేను మాట తప్పేదాన్ని కాదు. సస్యరక్షణ ఆఫీసుకి మాత్రమే రాశాను. ఆయనకి వాళ్ళు చెప్పారు.

*

వదినకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం మా ఆఫీసుకి ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మా ల్యాబ్‌లో మందు కొడుతున్నారు.

పొద్దున్నే ముసుగులు వేసుకుని, వీపున డబ్బాలు తగిలించుకుని మనుషులు దిగారు. మా డైరెక్టరుగారు కాగితం చదివి, ఏం పురుగని నన్ను అడిగారు. అది బగ్గు సార్, ప్రోగ్రాములో తప్పు, ప్రాణమున్నది కాదు అని చెప్పాను. ముసుగులవాళ్ళ పెద్ద అది విని, "పేరేదైనా మా మందు ఒకటేనమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సంస్థంతా వీధిలో ఉంది. చేతిలో ఇమిడే కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళం కాబట్టి, తలా ఒకటి ఒళ్ళో పెట్టుకుని గోడ వారన పని చేసుకుంటున్నాం. చెప్పులు కొనడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి ఇక్కడేమైనా ఉచితంగా ఇస్తున్నారా అని వరుసలో నిలబడుతున్నారు.

డైరెక్టరుగారు ఎవరి మీదా కేకలెయ్యలేదు. అదే భయంగా ఉంది. లోపల పురుగంటూ దొరక్కపోతే నెలాఖరు పరీక్ష రద్దు చేసుకుని, రెండు సంస్థలకీ క్షమాపణ రాసివ్వమన్నారు. అంటే నా పెట్టె, మీ తూర్పు మడులు, రెండూ పోయినట్టే.

నేను తెలుగులో పురుగు అని రాసింది బగ్గు గురించి. చిప్పు మొదట కలబందకి అల్లుకున్న అల్లిక విప్పుకోవడం మానేసింది, అంతే. దయచేసి దాన్ని సీసాలోంచి తీసి పంపండి. దానికి రెక్కలు లేవు.

ఇట్లు,
మెట్ల మీది పిచ్చుక

తా.క.: ఇక నుంచి ఇంగ్లీషు మాట కావలసిన చోట ఇంగ్లీషు మాటే రాస్తాను. ఫోనులా ఉత్తరాన్ని మధ్యలో పెట్టేసే వీలు మీకు లేదు.

*

చిరంజీవి పిచ్చుకకి,

ఆశీస్సులు, ఈసారి ముందే.

పెట్టె పంపుతున్నాను. గాజు సీసాలో ఉన్నన్నాళ్ళూ దానికి గాలి ఆడదేమోనని మూతకి చిన్న చిల్లు పెట్టాను, అంత రాక్షసిని కాదు. సస్యరక్షణ ఆఫీసుకి వెళ్ళి పురుగు లేదని చెప్పాను. ఫైలు కదిలాక ఆపే మందు తమ దగ్గర లేదన్నారు.

బగ్గు అంటే నాకు తెలియకేం. మా ఆఫీసు కంప్యూటరుకి పట్టినప్పుడు నేనే తిట్టాను. నువ్వు పురుగని రాస్తే పురుగనే అనుకున్నాను. షరతు పెట్టింది నేనే కాబట్టి ఇందులో సగం తప్పు నాది. మిగతా సగం ఎవరిదో నువ్వే ఆలోచించుకో.

పరీక్ష పోతే నీతో పాటు క్షమాపణ కాగితం మీద నేనూ సంతకం పెడతాను. నా పేరు పైన ఉండాలి, పెద్దదాన్ని.

ఇంకో మాట. మోళ్ళకి చిగుళ్ళు వస్తున్నాయి. గోరంత ఉన్నాయి, ఎర్రగా ఉన్నాయి.

ఇట్లు,
నీ వదిన

తా.క.: నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. పాపం, చెల్లెలి కష్టానికి కుమిలిపోతున్నారని ఊరడించడానికి వెళ్ళాను. భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నారు.

*

వదినా,

నమస్కారాలు కూడా నిదానంగా రాసే ఓపిక లేదు. పురుగులు దొరికాయి. ప్రాణమున్నవే.

మందు కొట్టేవాళ్ళు మా పెద్ద మిషను వెనకున్న చెక్క గోడ తట్టారు. అది డొల్లగా మోగింది. పలక ఊడదీస్తే లోపలంతా చెదలు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మిషను కింది చెక్క అరుగు కూలి, చిప్పులు తయారుచేసే ఆ మిషను నేల మీద పడేదట. డైరెక్టరుగారు ఆ చెదలని అలా చూస్తూ నిలబడి, ఈ సంగతి దూరాన ఉండి కనిపెట్టిన మీ వదిన ఎవరమ్మా అని అడిగారు. మీరు కనిపెట్టలేదని చెప్పబోయాను. మళ్ళీ ఎందుకులే అని ఊరుకున్నాను.

పరీక్ష ఖాయం. బగ్గు కూడా తీసేశాను. అరుగు మళ్ళీ కట్టేదాకా మిషను దగ్గర నేను ఉండాలి కాబట్టి, పెట్టె పట్టుకుని డైరెక్టరుగారే వస్తున్నారు. అక్కడ అంతా మీ చేతుల్లో.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: పెట్టెకి పొడపత్రి లేత ఆకు ఎలా ఉంటుందో నేను నేర్పలేదు. ముదురాకు మాత్రమే తెలుసు. తిట్టకండి.

*

చిరంజీవి సౌభాగ్యవతి పిచ్చుకకి,

ఆశీస్సులు, మనస్ఫూర్తిగా.

పరీక్ష అయింది. పుదీనాని పుదీనా అంది, వసని వస అంది. మీ డైరెక్టరు పెదవి కూడా కదపలేదు. అప్పుడు పొడపత్రి చిగురు పెట్టాను. తెర చాలాసేపు ఖాళీగానే ఉంది. తర్వాత తెర మీద అల్లిక మారడం మొదలైంది. విప్పుకుంది, అల్లుకుంది, మళ్ళీ విప్పుకుంది. చివరికి 'పొడపత్రి, కానీ నాకు తెలిసింది కాదు' అన్నట్టు పేరు పక్కన ప్రశ్న గుర్తు చూపించింది. నేను ఎండబెట్టి దాచిన ముదురాకుని తడిపి పెడితే గుర్తు లేకుండా పేరు చూపించింది. లేతదాన్నీ ముదురుదాన్నీ అది తనంతట తానే వేరు చేసింది, నువ్వు నేర్పకుండానే. ఏ ఆకు ఎప్పుడు కోస్తే మందు ఎక్కువో ఇక మడి దగ్గరే తెలుసుకోవచ్చని మా డైరెక్టరమ్మ అన్నారు. ప్రాజెక్టు ఇచ్చారు. తూర్పు మడుల్లోకి కార్లు రావు.

నువ్వు అక్కడ ఉండాల్సింది, పిచ్చుకా. ఆ ప్రశ్న గుర్తు చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

తీగ కొట్టేయకపోతే ఈ చిగుళ్ళే లేవు కాబట్టి డైరెక్టర్లిద్దరూ ఆ కత్తెర పట్టినాయన్ని పిలవమన్నారు. మీ అన్నయ్య వచ్చారు. మీ డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని, లేత ఆకుల కోసమే కత్తిరించారా అని అడిగారు. అంతమంది మెచ్చుకుంటూ ఉంటే మనిషి పొంగిపోయి ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"లేదండీ. మా ఆవిడ రోజూ పొద్దున్నే కాఫీకి ముందు నాతో ఈ ఆకు నమిలించి, ఎంతసేపు తీపి తెలియదో గడియారం చూసి రాసుకుంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి తియ్యటి కాఫీ ఎలా ఉంటుందో నాకు తెలీదు. మా చెల్లెలు తీగలు కత్తిరించమని రాసింది. ఏ తీగలో రాయలేదు. కరెంటు తీగలేనని నాకు తెలుసు. అయినా కత్తెర తీసుకున్నాను."

ముందు మా డైరెక్టరమ్మ నవ్వారు. తర్వాత మీ డైరెక్టరు. ఆయనకి నవ్వడం వచ్చని నువ్వు ఎప్పుడూ రాయలేదు.

నాకు కోపం రావాలి. ఇంటికి వచ్చేదాకా దాని కోసం చూశాను. దార్లో ఆయన నా సంచి తనే మోశారు, అడక్కుండా. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చేదుగా ఉందని ఎందుకు అనలేదని అడిగాను. నువ్వు గడియారం చూసి రాసుకునేటప్పుడు సంతోషంగా ఉంటావు కదా అన్నారు. ఇక ఆ మనిషిని ఏమంటాం?

వచ్చే వారం నువ్వు రా. ఒకే గదిలో పని చెయ్యాలట మనం. వైర్లు తెచ్చుకో, తీగలు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
ప్రేమతో,
నీ వదిన

తా.క.: ప్రాజెక్టులో లేత ఆకుని నాలుక మీద పరీక్షించడానికి ఒక మనిషి కావాలి. మీ అన్నయ్య పేరు రాశాను. వారానికి ఒక్కరోజే అని రాయించుకుని ఒప్పుకున్నారు.

ఇంకో తా.క.: దాచిన ఎండాకు కూడా నమిలించకుండా ఇవాళ మొదటి కాఫీ ఇచ్చాను. కళ్ళు మూసుకుని తాగి, ఇంత తియ్యటి కాఫీ జన్మలో తాగలేదన్నారు. హడావిడిలో అందులో చక్కెర వెయ్యడం మర్చిపోయానని ఇంకా చెప్పలేదు.