బాపు జలుబు, నా పేరు మీద గోలీలు

బాపూ, బిస్కెట్ డబ్బాల నీ యాంటీబయాటిక్ గోలీలు దేవులాడకు, నేనే తీస్కపోతున్న. జలుబు మీద గవి పనిచెయ్యవు. వేలమంది మీద పరీక్ష చేసి చూసిన్రు. మింగినోళ్లకు, మింగనోళ్లకు జలుబు ఒక్కతీరుగనే తగ్గింది. మింగినోళ్లకు విరేచనాలు మాత్రం ఎక్కువైనయ్. దగ్గొస్తే చెంచెడు తేనె తాగు, జర నయమైతది. ఆయాసమొస్తే వెంటనే ఫోన్ చెయ్యి. సూది కావాలని నాంపల్లి గల్లీలల్ల తిరగకు.

నవత

ఇంకో ముచ్చట. "నా బిడ్డ డాక్టరు, ఆమెనే తెమ్మన్నది" అని ఆబిడ్స్‌ల మెడికల్ షాపాయనకు చెప్పి తెచ్చినవంట గీ గోలీలు. ఆయననే నాకు ఫోన్ చేసిండు. ఇన్నేండ్లు చదివితే, నన్ను డాక్టరని నువ్వు ఒప్పుకున్నది గిదే మొదటిసారి. గది గూడ గోలీల కోసమే!