పైగది ఆవిడ నలభై రెండు రోజులు

మార్చి 7, 1949. సోమవారం. రీనో.

కొత్త మనిషి దిగింది. మిసెస్ కోరలీ విట్లాక్, ఒహాయో నుంచి. ముప్ఫై దాటి ఉండవు. పెట్టె ఒక్కటే. పైగది ఇచ్చాను. లాయరు ప్రూయెట్ పంపాడంటే విడాకుల మనిషే. ఆరు వారాలు ఈ రాష్ట్రం దాటకుండా ఉంటే ఇక్కడి మనిషి కిందే లెక్క, జడ్జి విడాకులు ఇచ్చేస్తాడు. దాటలేదని, రోజూ కళ్ళారా చూశానని ఎవరో ఒకరు కోర్టులో ప్రమాణం చేయాలి. నా ఇంట్లో అద్దెకు దిగినవాళ్ళకి పదహారేళ్ళుగా ఆ పని నాదే. ఇప్పటికి రెండు వందల పదకొండు సార్లు బైబిల్ మీద చెయ్యి పెట్టాను. ఒక్కసారీ అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన పని పడలేదు.

మోకాళ్ళు సలుపుతున్నాయి. పైకి ఒక్కసారే ఎక్కాను.

మార్చి 10

విట్లాక్ గుడ్లు ముట్టదు. కాఫీ మాత్రం మూడు కప్పులు. ఐదేళ్ళ కూతురుందట, లోయిస్. రాష్ట్రం సరిహద్దు అవతల శాక్రమెంటోలో అక్క దగ్గర వదిలి వచ్చింది. ఇక్కడికే తెచ్చుకోవచ్చు కదమ్మా అన్నాను. ఎటు చూసినా జూదమే కదండీ అంది. నిజమే. మా వీధి చివరి కిరాణా కొట్లో కూడా పాలసీసాల పక్కన మూడు జూదం యంత్రాలున్నాయి. ఏళ్ళ తరబడి వాటి మధ్య నుంచే ఉల్లిపాయలు తెచ్చుకుంటున్నాను. ఎవరైనా అంటే తప్ప కనబడవు.

మార్చి 16

విట్లాక్‌ని చూశాను. ఉంది. వాన.

మార్చి 20. ఆదివారం.

ఆడపడుచు డెల్ఫీన్ భోజనానికి వచ్చింది. వర్జీనియా వీధి క్లబ్బులో పేకముక్కలు పంచుతుంది. వారానికి ఆరు రోజులు నిలబడే ఉద్యోగం. ఉప్పునీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని బంగాళాదుంపలు ఒలిచింది. ఇల్లంతా దాని గొంతే. వాళ్ళ ముసలి యజమాని పోయిన రోజున క్లబ్బు మూసేద్దామంటే తాళం దొరకలేదట. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పూటా తలుపు వేసిన పాపాన పోలేదు. ఆఖరికి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి శవం వెనక నడిచారట. తిరిగొచ్చేసరికి లోపల నలుగురు ఆడుకుంటున్నారట.

విడాకులు కాగానే ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరం వంతెన మీద నుంచి ఏట్లోకి విసిరేస్తారట కదా, నిజమేనా అని విట్లాక్ అడిగింది. "విసిరేవి గిల్టు ఉంగరాలమ్మా, అసలువన్నీ తాకట్టు కొట్లో ఉంటాయి," అంది డెల్ఫీన్. విట్లాక్ నవ్వింది. వచ్చినప్పటి నుంచి నవ్వడం ఇదే. నవ్వుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు పన్ను లేదు. మేమిద్దరం చూశాం. ఎవరం అడగలేదు.

మార్చి 29. సాయంత్రం 5.

శాక్రమెంటో నుంచి టెలిగ్రాం. పిల్లకి అపెండిక్స్ పగిలిందట. ఈ రాత్రికే ఆపరేషన్.

మార్చి 30

ఉదయం మొదటి రైలుకి వెళ్ళిపోయింది. సరిహద్దు దాటితే ఆ రోజులు లెక్కలోకి రావమ్మా అన్నాను. తెలుసండీ అంది. గుమ్మం దిగుతుంటే కోటు బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుని ఉంది. పిలిచి సరిచేశాను.

మార్చి 31

చూడలేదు.

ఏప్రిల్ 1

మధ్యాహ్నం రైలుకి వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచిందట, సూప్ తాగిందట. అక్కే బలవంతాన పంపేసింది. రైలంతా ఏడ్చుకుంటూ వచ్చినట్టుంది, కళ్ళు ఉబ్బిపోయాయి. గుడ్డు పెడితే తినేసింది, ఏం తింటోందో చూసుకోకుండా.

ఏప్రిల్ 3

విషయం ఇవాళ చెప్పింది. కోర్టు 19న. రెండు రోజులు తగ్గాయంటే వాయిదా పడుతుంది, మళ్ళీ జడ్జికి ఖాళీ మే రెండున. ఈలోగా మొగుడు రాయ్ శాక్రమెంటో వచ్చి పిల్లను తీసుకుపోతానని రాశాడట. 22న బయల్దేరతాడట. జడ్జి కాగితం చేతిలో లేకపోతే ఆపే దారి లేదు.

"రెండు రోజులే కదండీ," అంది. గొంతు పెంచలేదు. "నన్ను రోజూ చూశానని ఒక్క మాట అనండి."

అనలేనమ్మా అన్నాను.

తలూపింది. నా చేతిలో పళ్ళెం తీసుకుని కడిగింది. గట్టిగా వాదిస్తే బాగుండేది.

ఏప్రిల్ 8

డెల్ఫీన్‌తో చెప్పాను. అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "వదినా, ఈ ఊళ్ళో పాచికలు అబద్ధం, పెళ్ళిళ్ళు అబద్ధం, నా జుట్టు రంగు అబద్ధం. నువ్వొక్కదానివీ నిజం చెప్తే ఎవరికేం ఒరుగుతుంది?" అంది.

అదే నాకూ తెలియదు. నిజం మీద ప్రేమ ఏమీ లేదు నాకు. దొరికిపోతే జైలన్న భయమూ అంత లేదు. చేసిన పనల్లా చూసింది చూశానని చెప్పడమే. అదీ పోతే మిగిలేది దుప్పట్లు ఉతకడం.

ఏప్రిల్ 14

చూశాను. ఉంది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అందుకే వంటింట్లోకి రావాలంటే బెరుగ్గా ఉంది.

ఏప్రిల్ 17. ఈస్టర్.

పంది తొడ మాంసం వండాను. మిగిలిపోయింది.

ఏప్రిల్ 19

రాసేస్తే గాని కూర్చోలేను.

నడిచే వెళ్ళాం. ఏం చెప్పాలో కోర్టు మెట్ల దగ్గర కూడా నాకు తెలియదు. జడ్జి హాస్కెల్ వచ్చి కూర్చోగానే విట్లాక్ నా మణికట్టు పట్టుకుంది. మొదటిసారి అందరికీ ఉండే భయమే అనుకున్నాను.

ఆవిడ సాక్ష్యం రెండు నిమిషాలు. మొగుడు పెట్టిన హింసలు ఏమిటి అంటే పెదవి పైకెత్తి ఖాళీ చూపించింది. తర్వాత నన్ను పిలిచారు. ప్రమాణం. ప్రూయెట్ అడిగేవి ఎప్పుడూ మూడే. పేరు, చెప్పాను. ఇల్లు ఎక్కడ, చెప్పాను. మూడోది, ఈవిడను రోజూ చూశారా అని. దానికి నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

"చాలు మిస్టర్ ప్రూయెట్," అన్నాడు జడ్జి, కాగితాల్లోంచి తలెత్తకుండా. "మిసెస్ హార్ట్‌విగ్ మాట నేను పదహారేళ్ళుగా వింటున్నాను. దిగండమ్మా."

దిగాను. సంతకం పెట్టాడు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని కూడా రాశాడు.

నేను అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. పదహారేళ్ళు దాచుకున్న మంచిపేరు నా బదులు నిలబడి ఆ పని చేసిపెట్టింది. చూశాననేదాన్నా, లేదనేదాన్నా? ఇంటికొచ్చి నాలుగు గంటలైంది, ఇంకా తేలలేదు.

ఏప్రిల్ 20

వెళ్ళిపోయింది. స్టేషన్లో నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏదో చెప్పబోయి ఆగింది. రైలు కదిలింది.

అటునుంచి అటే ప్రూయెట్ ఆఫీసుకి వెళ్ళి, ఇక సాక్ష్యాలు నా వల్ల కాదని చెప్పాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. మోకాళ్ళన్నాను.

మే 6

పైగది ఖాళీ. డెల్ఫీన్ వాళ్ళ క్లబ్బులో చిల్లర మార్చే ఉద్యోగం ఉందట. చూడ్డానికి వెళ్ళాను. పొగ, గోల. పది నిమిషాలు నిలబడి వచ్చేశాను.

మే 14

కిరాణా కొట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే పక్కన జడ్జి హాస్కెల్. టోపీ ఎత్తాడు. నేనూ తలూపాను. కొన్ని ఉల్లిపాయలు తనూ ఏరి నా సంచిలో వేశాడు.

"ఆ పాపకి కుట్లు మానాయా?" అన్నాడు మెల్లగా.

ఆపరేషన్ సంగతి నేను చెప్పలేదు. కోర్టులో ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ ఒకటిన శాక్రమెంటో నుంచి రైల్లో వస్తున్నాను, ఎదురు సీటులో ఆవిడే, దారంతా పాప సంగతే చెప్పింది అన్నాడు. అంటే ఆవేళ కోర్టులో అన్నీ తెలిసే నా నోరు ఆపాడు.

మానాయో లేదో తెలియదండీ, ఉత్తరం రాలేదు అన్నాను. వస్తే చెప్పండి అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ప్రూయెట్‌కి ఫోన్ చేశాను. పైగది ఖాళీగా ఉందని, మోకాళ్ళు కోర్టు మెట్లెక్కగలవని చెప్పాను.